చెల్లని మెయిల్ ఐడీ ఎవరి తప్పు?

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,
ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ,
ఎలక్ట్రానిక్స్ నికేతన్, 6, సీజీఓ కాంప్లెక్స్, లోధీ రోడ్డు,
న్యూఢిల్లీ – 110003.

విషయం: అరుదైన గుర్తులు, తెలుగు అక్షరాలు ఉన్న మెయిల్ ఐడీలను ఫారాలు, సర్వర్లు నిరాకరించడం గురించి.



తెలుగు లిపిలో డాట్ భారత్ డొమైన్ నమోదు చేసుకోవచ్చని పౌరులకు చెప్పే ప్రభుత్వమే, ఆ డొమైన్ మీద పెట్టుకున్న మెయిల్ ఐడీని 'ఇన్‌వ్యాలిడ్ ఈమెయిల్' అని ఎర్రక్షరాలతో తిప్పికొట్టే వీలున్న ఫారాలనూ నడుపుతోంది కనుక, ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూసే బాధ్యత తమ శాఖ మీదే పడుతుంది. డొమైన్ల రిజిస్ట్రీని చూసే నిక్సీ, అంటే 2003లో లాభాపేక్ష లేని కంపెనీగా ఏర్పడి నోయిడాలో తన తొలి ఇంటర్నెట్ ఎక్స్ఛేంజీని నెలకొల్పిన నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా, ఈ శాఖ పరిధిలోనిదే. 1976లో ఏర్పడి కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ వ్యవహారాలకు ఆధారంగా నిలిచిన ఎన్ఐసీ, అంటే నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, అదే సీజీఓ కాంప్లెక్స్‌లో ఉంది. చిరునామా ఇచ్చేవారూ, దాన్ని పరీక్షించేవారూ ఒకే శాఖ నీడన ఉన్నా, ఇచ్చిన చిరునామా పరీక్షలో నిలుస్తుందన్న పూచీ మాత్రం పౌరుడికి దొరకడం లేదు.

మెయిల్ వెనక్కి వస్తే తప్పు పంపినవారిదే అయి ఉంటుందన్న భావన కార్యాలయాల్లోనూ, వినియోగదారుల్లోనూ గట్టిగా నాటుకుపోయింది. స్పెల్లింగు తప్పింది, చుక్క మరిచారు, మళ్లీ పంపండి అన్న సమాధానంతో విషయం ముగిసిపోతుంది. చాలా సందర్భాల్లో అది నిజమే కావచ్చు గాని, గణనీయమైన ఒక కోవలో చిరునామా సక్రమంగానే ఉండి, దాన్ని తనిఖీ చేసే సూత్రం లోపభూయిష్టంగా ఉంటుంది. ఈ రెండు కోవలనూ విడదీసి చెప్పే ఏర్పాటు చేయవలసింది తనిఖీ చేసేవారే గాని, తిరస్కారానికి గురైనవారు కాదన్నది ఈ లేఖ వాదన.

ఆ వాదనకు ముందు మెయిల్ చిరునామా నిర్మాణాన్ని కొద్దిగా వివరించక తప్పదు. 1971లో రే టామ్లిన్సన్ ఎంచుకున్న 'ఎట్ ది రేట్' గుర్తు చిరునామాను రెండుగా విడదీస్తుంది. దానికి ఎడమ పక్కనున్నది పెట్టె పేరు, కుడి పక్కనున్నది డొమైన్, అంటే ఆ పెట్టెను భద్రపరచే సర్వర్ ఉన్న చోటు. ఎడమ భాగానికి అర్థం చెప్పే అధికారం గ్రహీత సర్వర్‌కు మాత్రమే ఉంటుంది. దారిలో ఉన్న సర్వర్లు దాన్ని ముట్టుకోకుండా ముందుకు పంపాలి. 1982లో జాన్ పోస్టెల్ రాసిన మెయిల్ బదిలీ నియమావళి, అంటే ఎస్ఎంటీపీ, ఏడు బిట్ల ఆస్కీ సంకేతాల మీద నిలబడింది. 0 నుంచి 127 వరకున్న ఆ సంఖ్యల్లో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు తప్ప మరి దేనికీ చోటు లేదు. అన్ని లిపులనూ బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ప్రతి సంకేతమూ మూడు బైట్లుగా నిలవ అవుతుంది, అందులో మొదటి బైటు విలువ ఎప్పుడూ 224, రెండోది 176 గాని 177 గాని. పాత సర్వర్ ఆ 224 దగ్గరే ఆగిపోతుంది.

తెలుగు దాకా వెళ్లకముందే, ఆస్కీ లోపలే కావలసినంత గందరగోళం ఉంది. 2008లో సవరించిన ప్రమాణం, అంటే ఆర్ఎఫ్‌సీ 5321, 5322 పత్రాలు, ఎడమ భాగంలో అక్షరాలు, అంకెలతో పాటు కూడిక గుర్తు, అపాస్ట్రఫీ, అండర్‌స్కోర్, హైఫన్, ఏటవాలు గీత, ఆశ్చర్యార్థకం వంటి గుర్తులను కూడా అనుమతిస్తున్నాయి. చుక్క మొదట్లో, చివర, రెండు వరసగా రాకూడదని మాత్రం షరతు పెట్టాయి. ఫారాలు తయారుచేసే ప్రోగ్రామర్ మాత్రం ఈ పత్రాలు చదవకుండా, ఎక్కడో దొరికిన ఒక సూత్రాన్ని అతికించి, అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోర్ తప్ప మిగతావన్నీ తప్పని తీర్మానిస్తాడు. దాంతో, వచ్చిన ఉత్తరాలను వేరు చేసుకోవడానికి తన పేరు వెనుక కూడిక గుర్తు పెట్టి ఒక మాట తగిలించుకున్న వ్యక్తీ, ఇంటిపేరులోనే అపాస్ట్రఫీ ఉన్న వ్యక్తీ తమకు మెయిలే లేనట్టు నిలబడవలసి వస్తుంది. అపాస్ట్రఫీని నిషేధించడానికి చెప్పే కారణం డేటాబేస్ భద్రత. ఆ గుర్తు డేటాబేస్ ఆదేశాల్లోకి చొరబడకుండా చూసే పద్ధతులు ఏనాడో స్థిరపడ్డాయి కనుక, ఆ కారణం బద్ధకానికి పెట్టిన మర్యాదైన పేరు మాత్రమే. కూడిక గుర్తుది ఇంకా వింత కథ. వెబ్ లింకుల్లో ఆ గుర్తును ఖాళీ స్థలంగా చదివే పాత ఆనవాయితీ ఉన్నందువల్ల, ఖాతా తెరిచేటప్పుడు అంగీకారం పొందిన చిరునామాయే, ధ్రువీకరణ లింకు నొక్కేసరికి మధ్యలో ఖాళీతో మరొక చిరునామాగా మారి చెల్లకుండా పోతుంది.

ప్రమాణాలు రాసినవారే పొరపాటు పడిన సందర్భమూ ఉంది గనుక ప్రోగ్రామర్లను మరీ నిందించకూడదేమో. 2004లో జాన్ క్లెన్సిన్ రాసిన ఆర్ఎఫ్‌సీ 3696 చిరునామా మొత్తం పొడవు 320 దాకా ఉండవచ్చని చెప్పింది. తర్వాత తప్పొప్పుల పట్టికలో దాన్ని 254గా దిద్దవలసి వచ్చింది.

చిరునామాలో అసాధారణ గుర్తులు దొర్లడానికి ఢిల్లీ కార్యాలయాలు స్వయంగా చేస్తున్న దోహదం ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్లలో 'సంప్రదించండి' పేజీ తెరిస్తే, అధికారుల మెయిల్ ఐడీల్లో ఎట్ ది రేట్ గుర్తుకు బదులు ఎట్ అన్న ఇంగ్లిష్ మాట, చుక్కకు బదులు డాట్ అన్న ఇంగ్లిష్ మాట చదరపు బ్రాకెట్లలో కనిపిస్తాయి. వెబ్ పేజీలను గాలించి చిరునామాలు ఏరుకునే స్పామ్ యంత్రాలను తప్పించడానికి పుట్టిన ఉపాయమిది. ఆ బ్రాకెట్లను తీసేసి అసలు గుర్తులు పెట్టడం ఏ చిన్న ప్రోగ్రామ్‌కైనా ఒక్క వరుస పని కాబట్టి, స్పామ్ పంపేవాడికి ఈ అడ్డంకి అడ్డంకే కాదు. అర్జీ పెట్టుకోవడానికి వచ్చిన మనిషి మాత్రం ఆ వరుసను ఉన్నదున్నట్టు కాపీ చేసి పంపుతాడు. చదరపు బ్రాకెట్లు ఎడమ భాగంలో చెల్లవు, ఎట్ ది రేట్ గుర్తు అసలే లేదు, కనుక మెయిల్ ప్రోగ్రామ్ దాన్ని గడప కూడా దాటనివ్వదు. గురుగ్రామ్‌లోనో ఫరీదాబాద్‌లోనో ఉండే చదువరికి ఇందులోని సంకేతం అర్థమవుతుందేమో గాని, శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో కేంద్ర శాఖకు జీవితంలో మొదటిసారి మెయిల్ పంపే రైతుకు ఆ బ్రాకెట్లను తీసి గుర్తులు పెట్టుకోవాలని చెప్పేవారెవరు? స్పామ్‌ను వడపోయవలసింది సర్వర్ దగ్గర. ఆ భారాన్ని అర్జీదారు నెత్తిన పెట్టడం సమంజసం కాదు.

పీడీఎఫ్‌లుగా పెట్టే సర్క్యులర్లు, టెండరు ప్రకటనలు మరో రకం. ప్రభుత్వ మెయిల్ ఐడీల్లో వ్యక్తుల పేర్లతో పాటు హోదాల పేర్లు కూడా ఉండటం వల్ల అవి పొడవుగా, హైఫన్లతో ఉంటాయి. పంక్తి చివర చిరునామా విరిగినప్పుడు టైపు చేసే ప్రోగ్రామ్ అదనంగా ఒక హైఫన్ చేరుస్తుంది, లేదా ఉన్న హైఫన్‌ను సైజు పెద్దదైన డ్యాష్‌గా మార్చేస్తుంది. కంటికి రెండూ అడ్డగీతలే. సర్వర్ లెక్కలో హైఫన్ సంఖ్య 45, డ్యాష్ సంఖ్య 8211. చిరునామా కింద నీలి గీత పడినప్పుడు అండర్‌స్కోర్ ఆ గీతలో కలిసిపోయి ఖాళీలా కనిపిస్తుంది. వాక్యం చివరి చుక్క చిరునామాకు అంటుకుని వస్తుంది. హిందీ కీబోర్డుతో టైపు చేసే కార్యాలయాల్లో చుక్క పడవలసిన చోట హిందీ పూర్ణవిరామమైన నిలువు గీత పడుతుంది. కాగితపు కవరు మీద పేరు కాస్త తప్పినా వీధి ఎరిగిన పోస్ట్‌మ్యాన్ ఇల్లు పట్టుకుంటాడు. సర్వర్‌కు అంత లౌక్యం ఉండదు, ఉండకూడదు కూడా, ఎందుకంటే ఊహించి బట్వాడా చేసిన మెయిల్ పరాయివారి పెట్టెలో పడవచ్చు.

వీటన్నిటికన్నా పట్టుకోవడం కష్టమైనవి కంటికి కనబడని సంకేతాలు. వర్డ్ ఫైలు నుంచో, వెబ్ పేజీ నుంచో, ఫోన్ కాంటాక్టుల నుంచో కాపీ చేసిన చిరునామా ముందో వెనకో వెడల్పు లేని ఖాళీ, విడదీయరాని ఖాళీ, పంక్తి దిశను తెలిపే గుర్తు వంటివి అతుక్కుని వస్తాయి. అప్పుడు వచ్చే తిరస్కారపు ఉత్తరంలో చిరునామా అక్షరం పొల్లుపోకుండా సరిగ్గానే కనిపిస్తుంది గనుక చదివేవారికి ఏమీ తోచదు. జీమెయిల్ వంటి సర్వర్లు ఇలాంటప్పుడు 553 5.1.3 అన్న అంకెలతో, గ్రహీత చిరునామా ఆర్ఎఫ్‌సీ 5321 ప్రకారం చెల్లదన్న వాక్యాన్ని పంపుతాయి. ఏ అక్షరం చెల్లదో, అది ఎన్నో స్థానంలో ఉందో సర్వర్‌కు తెలుసు, అయినా చెప్పదు.

ఇక తెలుగు లిపి చిరునామాల సంగతి. ఇక్కడ డొమైన్‌కూ, పెట్టె పేరుకూ నడుమ ఒక పెద్ద తేడా ఉంది. డొమైన్‌ను ఆస్కీలోకి మార్చే ఉపాయం ఎప్పటి నుంచో ఉంది. 2003లో ఆర్ఎఫ్‌సీ 3492గా వెలువడిన ప్యూనీకోడ్ పద్ధతి, ఏ లిపిలోని పేరునైనా ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల వరుసగా మార్చి, ముందు ఎక్స్, ఎన్, రెండు హైఫన్లు తగిలిస్తుంది. తెలుగు డాట్ భారత్ ఆ పద్ధతిలో 13 గుర్తుల పొడవైన పేరు అవుతుంది, అందులో 9, 3 అన్న అంకెలు కూడా ఉంటాయి. సర్వర్లకు దాంతో ఏ ఇబ్బందీ లేదు. ఫారాలు రాసేవారిలో మాత్రం డొమైన్ తోక రెండు నుంచి నాలుగు అక్షరాలే ఉంటుందని, అందులో అంకెలు రావని నమ్మేవారు ఇంకా ఉన్నారు కాబట్టి, ఆస్కీ వేషం వేసుకుని వచ్చినా ఆ పేరుకు అక్కడ ప్రవేశం దొరకదు.

పెట్టె పేరుకు అలాంటి వేషం కూడా లేదు. దాన్ని మధ్యలో ఎవరూ మార్చకూడదన్న పాత నియమం వల్ల, తెలుగు అక్షరాలు ఉన్నవి ఉన్నట్టుగానే గమ్యం దాకా వెళ్లాలి. 2012లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 6530 నుంచి 6533 వరకున్న పత్రాలు ఇందుకు దారి ఏర్పరిచాయి. పంపే సర్వర్ పలకరించగానే ఎదుటి సర్వర్ తనకు చేతనైన సౌకర్యాలను ఒక్కొక్క పంక్తిలో చెబుతుంది. ఆ జాబితాలో ఎస్ఎంటీపీయూటీఎఫ్8 అన్న మాట ఉంటేనే తెలుగు చిరునామా ఉన్న ఉత్తరాన్ని అందించాలి, లేకపోతే అక్కడి నుంచే తిప్పి పంపాలి. అలాంటి తిరస్కారానికి 5.6.7 అన్న ప్రత్యేక సంఖ్యను కేటాయించారు, ఆస్కీ కాని చిరునామాలకు ఇక్కడ అనుమతి లేదని దాని అర్థం. పోస్ట్‌ఫిక్స్ అనే బహుళ ప్రచారంలో ఉన్న సర్వర్ ప్రోగ్రామ్ 2015లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి ఈ సౌకర్యాన్ని ఇస్తోంది. జీమెయిల్ 2014 ఆగస్టులోనే ఇతర లిపుల చిరునామాలతో ఉత్తర ప్రత్యుత్తరాలకు వీలు కల్పించింది. మైక్రోసాఫ్ట్ 2018లో 15 భారతీయ భాషల చిరునామాలకు మద్దతు ప్రకటించింది. అందుచేత ప్రపంచం సిద్ధంగా లేదన్న సాకు ఇప్పుడు అంతగా చెల్లదు. అయితే గొలుసులో ఒక్క లంకె, ముఖ్యంగా కార్యాలయపు ముంగిట పెట్టే వైరస్ వడపోత యంత్రం, ఈ మాట నేర్చుకోకపోయినా ఉత్తరం అక్కడే ఆగుతుంది. అంతకుముందు ప్రయోగాత్మక దశలో, దారిలో అలాంటి సర్వర్ తగిలితే ప్రత్యామ్నాయ ఇంగ్లిష్ చిరునామాకు మార్చి పంపే పద్ధతి ఒకటుండేది; అది తెచ్చే చిక్కులు ఎక్కువని 2012 ప్రమాణాల్లో దాన్ని వదిలేశారు. ఫలితంగా ఉత్తరం పూర్తిగా వెళ్లడమో, పూర్తిగా వెనక్కి రావడమో తప్ప మధ్యేమార్గం లేదు.

సర్వర్ల కన్నా ముందు బ్రౌజరే అడ్డుపడుతుంది. వెబ్ ఫారంలో మెయిల్ కోసం ఉద్దేశించిన గడికి హెచ్‌టీఎంఎల్ ప్రమాణం ఇచ్చిన తనిఖీ సూత్రం ఎడమ భాగంలో ఆస్కీ గుర్తులనే ఒప్పుకుంటూ వచ్చింది. ప్రోగ్రామర్ ఏ తప్పూ చేయకుండా, పాఠ్యపుస్తకంలో చెప్పినట్టే ఆ గడిని వాడినా తెలుగు పెట్టె పేరు చెల్లదు. సాధారణ అక్షరాల గడి పెట్టి, ఎట్ ది రేట్ గుర్తు ఒకటుందా, ఇరువైపులా ఏమైనా ఉందా అని మాత్రం చూసి, ధ్రువీకరణ మెయిల్ పంపి తేల్చుకోవడమే నికరమైన పద్ధతి. చిరునామా బతికుందో లేదో చెప్పగలిగేది ఉత్తరమే, ఏ సూత్రమూ చెప్పలేదు.

తెలుగుకే ప్రత్యేకమైన చిక్కులను ఢిల్లీలో ఎవరైనా పరిశీలించారా అన్న సందేహం కలుగుతుంది గనుక వాటిని కాస్త విడమరచి చెప్పడం అవసరం. పెట్టె పేరు పొడవు 64 బైట్లకు మించకూడదని నియమం. ఇంగ్లిష్‌లో అక్షరానికి ఒక బైటు. తెలుగులో హల్లుకు మూడు, గుణింతపు గుర్తుకు మూడు, పొల్లుకు మూడు, సున్నాకు మూడు. 'వేంకటసత్యనారాయణమూర్తి' అన్న పేరును తీసుకుంటే కంటికి 11 అక్షరాలు, యూనికోడ్ లెక్కలో 21 సంకేతాలు, బైట్లలో 63. అంటే ఆ పేరు సరిగ్గా ఇరుకున పడుతుంది. ఇంటిపేరు మొదటి అక్షరాన్ని ముందు పెట్టి చుక్క చేరిస్తే 67 అయి చిరునామా చెల్లకుండా పోతుంది. అదే పేరు ఇంగ్లిష్‌లో 26 బైట్లతో సరిపోతుంది. ఇంటిపేరు లేకుండా పేరు చెప్పుకోని తెలుగువారికి ఇది చిన్న విషయం కాదు. 64 అక్షరాల దాకా రాయవచ్చని ఫారంలో రాసి, లోపల 64 బైట్లు లెక్కపెట్టే తనిఖీ పెడితే, 21 సంకేతాల దగ్గర దెబ్బతిన్న మనిషికి కారణం ఎప్పటికీ బోధపడదు.

రెండోది, విడదీసే సంకేతం. 'రాజ్‌కుమార్' అన్న పేరులో పొల్లు తర్వాత క అక్షరం ఒత్తుగా మారకుండా నిలవాలంటే మధ్యలో కనబడని సంకేతం ఒకటి పెట్టాలి, బైట్లలో అది 226, 128, 140. దాన్ని తీసేస్తే పేరు 'రాజ్కుమార్' అవుతుంది. కొన్ని కీబోర్డులు ఈ సంకేతాన్ని తమంతట తామే చేరుస్తాయి, కొన్నింటిలో వెతికి నొక్కాలి, కొన్ని ఫారాలు కనబడని సంకేతాలన్నీ ప్రమాదమని గుట్టుగా తుడిచేస్తాయి. ఖాతా తెరిచిన ఫోనులో ఒక రూపం, లాగిన్ అయ్యే కంప్యూటర్లో మరో రూపం నమోదై, అలాంటి ఖాతాయే లేదన్న జవాబు వస్తుంది. ఆ తేడా రూపానికి మెయిల్ పంపితే వచ్చే 5.1.1 అనే జవాబు, అంటే పెట్టె లేదన్నది, చిరునామా రూపం సరైనదేనని ఒప్పుకుంటూనే మనిషిని లేడంటుంది.

మూడోది, ఐత్వం. 'శైలజ' అన్న పేరులోని ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. యూనికోడ్ వీటిని సమానమని చెబుతుంది, కంప్యూటర్ మాత్రం పోల్చే ముందు రెంటినీ ఒకే రూపానికి తేకపోతే వేరు పేర్లుగానే చూస్తుంది. ఇలా ఒకే రూపానికి తేవడాన్ని నార్మలైజేషన్ అంటారు. తెలుగు లిపి మొత్తంలో ఇలాంటి జంట ఇదొక్కటే కనుక దీన్ని సరిదిద్దడం ఎవరికీ భారం కాదు. తెలుగు అంకెల్లోని సున్నా, పూర్ణానుస్వారం, ఇంగ్లిష్ ఓ అక్షరం ఒకేలా గుండ్రంగా కనిపించడం మరో తంటా. అచ్చుపనిలో ఇంకా వాడుకలో ఉన్న అను వంటి పాత ఫాంట్లలోనైతే తెరమీద తెలుగు కనిపిస్తుంది గాని, లోపల ఉన్నవి లాటిన్ సంకేతాలే. ఆ పేజీ నుంచి కాపీ చేసిన తెలుగు పేరు మెయిల్ గడిలోకి రాగానే పిచ్చిగీతలవుతుంది.

ఈ స్థితిలో మెయిల్ వెనక్కి వచ్చినవారు చేయగలిగింది కొంత ఉంది. ముందుగా ఎవరు కాదన్నారో చూడాలి: ఫారం కాదంటే మెయిల్ బయలుదేరనే లేదు, పంపిన క్షణంలోనే తిరస్కారం వస్తే చాలావరకు సొంత సర్వర్, మెయిలర్ డీమన్ లేక పోస్ట్‌మాస్టర్ పేరుతో ఉత్తరం వస్తే అందులో పేర్కొన్న సర్వర్ పేరు చదవాలి. తర్వాత అంకెలు: 4తో మొదలైతే తాత్కాలికం, 5తో మొదలైతే శాశ్వతం, 5.1.3 అయితే చిరునామా రాతలో లోపం, 5.6.7 అయితే రాతలో లోపం లేకపోయినా ఎదుటివారికి ఆ లిపి చేతకాలేదని. 5.1.3 వచ్చినప్పుడు కాపీ చేసిన చిరునామాను పూర్తిగా తుడిచి, ఒక్కొక్క అక్షరం చేత్తో మళ్లీ టైపు చేస్తే కనబడని సంకేతాల బెడద చాలావరకు వదులుతుంది. బాణం మీటతో ఒక్కో అక్షరం దాటుతూ పోతే, మీట నొక్కినా కర్సర్ కదలని చోట ఏదో దాగి ఉన్నట్టు. తెలుగు పేర్లలో మాత్రం గుణింతాల వల్ల ఈ పరీక్ష అంత నమ్మదగినది కాదు. 5.6.7 వచ్చినప్పుడు చేయగలిగింది ఒక్కటే, అదే పెట్టెకు ఉన్న ఇంగ్లిష్ మారుపేరును వాడటం. అందుకే తెలుగు పెట్టె ఇచ్చే ప్రతి సంస్థా దానితో పాటు ఇంగ్లిష్ మారుపేరు ఒకటి తప్పనిసరిగా ఇవ్వాలని ఈ రంగంలో పనిచేసేవారు పట్టుబడతారు. అది ఓటమిని ఒప్పుకోవడమే అనేవారూ ఉన్నారు గాని, ఉత్తరం చేరడం ముఖ్యమనుకునేవారికి వేరే దారి ప్రస్తుతానికి లేదు.

దేశంలో ఈ దిశగా జరిగిన పని తక్కువేమీ కాదు. 2011లో తెలుగుతో సహా ఏడు భాషల్లో దేశం పేరును డొమైన్‌గా వాడుకోవడానికి ప్రపంచ డొమైన్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ ఆమోదం లభించింది. 2014 ఆగస్టులో దేవనాగరితో రిజిస్ట్రేషన్లు మొదలై తర్వాత మిగతా లిపులకు విస్తరించాయి. ఇప్పుడు భారతదేశానికి ఇలాంటి డొమైన్లు 15 ఉన్నాయి. 2016లో జైపూర్‌కు చెందిన ఒక కంపెనీ భారతీయ భాషల్లో డేటామెయిల్ సేవను తెచ్చింది, 2017లో రాజస్థాన్ ప్రభుత్వం తన ప్రజలకు హిందీ మెయిల్ ఐడీలు ఇచ్చింది. 8 కోట్లకు పైగా మాట్లాడేవారున్నట్టు 2011 జనగణన లెక్కగట్టిన తెలుగుకు ఆ పని చేయడంలో రెండు తెలుగు రాష్ట్రాలూ చూపవలసిన చొరవ చాలా మిగిలి ఉందన్నది నిష్ఠురమైనా నిజం. 2023 మార్చి 28న ప్రపంచపు తొలి సార్వత్రిక అంగీకార దినం, అంటే ఏ లిపి చిరునామా అయినా అన్ని చోట్లా చెల్లాలన్న ఉద్యమపు రోజు, న్యూఢిల్లీ వేదికగా జరిగింది. 2024 మార్చి 21న డాక్టర్ అంబేడ్కర్ అంతర్జాతీయ కేంద్రంలో అదే ఉద్యమం తరఫున జరిగిన సభలో భాషానెట్ పోర్టల్‌ను ఆవిష్కరించారు. సభలు జరగడం మంచిదే. వాటిలో వినిపించిన మాట పాస్‌పోర్టు, స్కాలర్‌షిప్, సమాచార హక్కు, ఫిర్యాదుల పోర్టళ్ల మెయిల్ గడి దాకా చేరిందో లేదో చెప్పే పట్టిక ఒకటి ప్రజల ముందుంటే ఈ లేఖ అవసరమే ఉండేది కాదు.

భద్రత పేరుతో వచ్చే అభ్యంతరాన్ని మాత్రం తేలిగ్గా తీసేయలేం. 2017 ఏప్రిల్‌లో ఒక భద్రతా పరిశోధకుడు పూర్తిగా రష్యన్ రాసే సిరిలిక్ లిపి అక్షరాలతో, యాపిల్ కంపెనీ డొమైన్‌లాగే కనిపించే పేరును నమోదు చేసి చూపించాడు. తెలుగు, కన్నడ లిపుల్లో రెండు చోట్లా దాదాపు ఒకేలా కనిపించే అక్షరాలు అనేకం ఉన్నాయి కనుక బ్యాంకు పేరుతోనో, దేవస్థానం పేరుతోనో మోసం చేయడానికి వీలుంది. రెండు లిపులు కలపకూడదన్న నియమం ఒక్కటే దీనికి చాలదు, సిరిలిక్ ఉదంతంలో అక్షరాలన్నీ ఒకే లిపివి. భారతీయ లిపుల కోసం పనిచేసిన నియో బ్రాహ్మీ బృందం తెలుగు, కన్నడల నడుమ ఒకదానికొకటి పోలిన అక్షరాలను గుర్తించి, అలాంటి పేర్లలో ఒకటి నమోదైతే రెండోది వేరొకరికి దక్కకుండా చూసే నియమాలను ఐకాన్ మూల పట్టిక కోసం రూపొందించింది. అదే శ్రద్ధ మెయిల్ పెట్టెల పేర్లకూ వర్తింపజేయడం సాధ్యమే. మోసం జరుగుతుందేమోనని లిపినే బయట నిలబెట్టడం, దొంగలు వస్తారని ఊరివారికే ఊళ్లో చోటు లేదనడం వంటి వాదన అవుతుంది కనుక దాన్ని శాఖ అంగీకరించకూడదు.

సుమారు 12 లక్షల మంది కేంద్ర ఉద్యోగుల మెయిల్ ఖాతాలు జోహో కంపెనీ వేదిక మీదికి తరలిన ఈ సమయం, కొత్తగా పరీక్షలు జరపడానికి అనువైనది. కేంద్ర పోర్టళ్ల మెయిల్ గడులన్నిటినీ కనీసం ఐదారు రకాల చిరునామాలతో, అంటే కూడిక గుర్తు ఉన్నది, అపాస్ట్రఫీ ఉన్నది, పొడవైన తోక ఉన్నది, తెలుగు డొమైన్ ఉన్నది, పెట్టె పేరూ డొమైనూ రెండూ తెలుగులో ఉన్నది, విడదీసే సంకేతం ఉన్నది, వీటితో పరీక్షించి, ఏది చెల్లిందో ఏది చెల్లలేదో శాఖల వారీగా ప్రకటించవలసిందిగా విన్నపం. పోర్టళ్ల కాంట్రాక్టుల్లో ఈ పరీక్షను అంగీకార షరతుగా చేరిస్తే ప్రత్యేక వ్యయం పెద్దగా ఉండదు. వెబ్‌సైట్లలో బ్రాకెట్ల మెయిల్ ఐడీలను తొలగించి నొక్కగానే తెరుచుకునే లింకులు పెట్టడానికి ఒక సర్క్యులర్ చాలు. నిక్సీ తరఫున తెలుగు డొమైన్ నమోదు చేసుకునేవారికి, ఇంటిపేరుతో కలిపి పెట్టె పేరు ఎన్ని బైట్లు అవుతుందో చూపే చిన్న లెక్కగడి నమోదు పేజీలోనే ఉండాలి.

తిరస్కారపు ఉత్తరాల భాష గురించి చివరి విన్నపం. ఆ ఉత్తరాల్లో మనుషులు చదవడానికి ఉద్దేశించిన భాగాన్ని యూటీఎఫ్-8లో, అంటే తెలుగులోనూ రాయవచ్చు. యంత్రాలు చదివే సంఖ్యలు వేరే భాగంలో యథాతథంగా ఉంటాయి. ప్రభుత్వ మెయిల్ సర్వర్లు తెలుగు చిరునామాను కాదన్నప్పుడు పంపే ఉత్తరంలో ఈ పాటి వాక్యం ఉంటే చాలు: 'మీరు రాసిన చిరునామాలో 7వ స్థానంలో కనబడని సంకేతం ఒకటి ఉంది, దాన్ని తీసేసి మళ్లీ పంపండి', లేదా 'మీ చిరునామా సరైనదే, మా సర్వర్ తెలుగు చిరునామాలను ఇంకా స్వీకరించడం లేదు, ఈ కింది నంబరుకు ఫిర్యాదు చేయండి'. రెండో వాక్యం రాయడానికి కార్యాలయాలు సంకోచిస్తాయన్నది ఊహించదగినదే. ఆ వాక్యం ఎన్నిసార్లు వెళ్లిందో మూడు నెలలకోసారి లెక్క తీస్తే, ఏ సర్వర్‌ను ముందుగా బాగుచేయాలో శాఖకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

ప్రతులు: ముఖ్య కార్యనిర్వహణాధికారి, నిక్సీ, న్యూఢిల్లీ, డైరెక్టర్ జనరల్, ఎన్ఐసీ, న్యూఢిల్లీ, సమాచార సాంకేతిక శాఖల కార్యదర్శులు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు.